రక్తపరీక్షయు, ఆహార నియమమును

బళ్ళారి బజారులో ఉదయము అంగడి తెరచి దినమంతయు గద్దెమీద కూర్చుండు వ్యాపారికి కాళ్ళు తిమ్మిరెక్కినచో, అది కూర్చుండుటవలన కలిగినదని సరిపెట్టుకొనును. ఇంటి పెద్దమ్మకు అరికాళ్ళు మండినచో వేడి చేసినదందురు. కోడలికి మెట్లెక్కునప్పుడు ఆయాసము వచ్చినచో నెత్తురు తక్కువందురు. తాతగారు నిన్న చెప్పినది నేడు మరచినచో వయస్సు అందురు. నలుగురికి నాలుగు కారణములు చెప్పి, మందుల అంగడినుండి మాత్రము నలుగురికి ఒకే బలము మందు సీసా తెప్పింతురు. ఈ నాలుగు బాధల వెనుక ఒకే లోటు ఉండవచ్చును, నాలుగు వేరువేరు లోటులైనను ఉండవచ్చును. ముఖము చూచి, నాలుక చూచి దీనిని తేల్చుట అనుభవజ్ఞుడైన వైద్యునికి సైతము కష్టము. రక్తము పరీక్షింపక ముందే ఇది తినుము, అది మానుము అని చెప్పు సలహా, చిట్టా చూడక బాకీ చెప్పుట వంటిది.

జైన కుటుంబములలో ముందుగా చూడవలసిన లోటు బి 12 జీవసత్వము. దీనిని చెట్టుగాని జంతువుగాని తయారుచేయలేదు; కేవలము కొన్ని సూక్ష్మజీవులే తయారుచేయును. ఆవు, గేదెల కడుపులోని సూక్ష్మజీవులు చేసినదే పాలలోనికి వచ్చును. జొన్నరొట్టెలో లేదు, పప్పులో లేదు, వేరుసెనగలో లేదు, ఆకుకూరలలో లేదు. పులిసిన ఇడ్లీ పిండిలో ఉండునని కొందరు నమ్మెదరు గాని దానిపై ఆధారపడరాదు. నేయిలోను లేదనిన పెద్దలకు ఆశ్చర్యము కలుగును. ఈ జీవసత్వము నీటిలో కరగునది గనుక కొవ్వుతోపాటు రాదు. మాంసము, గ్రుడ్లు ముట్టని ఇంటికి పాలు, పెరుగు, మజ్జిగలే దిక్కు.

ఆ పాలు ఎంత కావలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టికలో పెద్దవారికి దినమునకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు బి 12 అవసరమని యున్నది. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో రమారమి 0.4 మైక్రోగ్రాము ఉండును. మరిగించుటలో కొంత నశించును. అనగా అర లీటరు పాలకు తక్కువైనచో లెక్క సరిపోదు. రెండు పూటల కాఫీలో కలిపిన పాలు, భోజనములో పలుచని మజ్జిగ కలిపి చూచినచో అనేక ఇండ్లలో ఇందులో సగము కూడ తేలదు. మగవారికి, పిల్లలకు వడ్డించి మిగిలినది త్రాగు ఇల్లాలి సంగతి చెప్పనక్కరలేదు.

అయినను లోటు వెంటనే బయటపడదు. శరీరములో 2 నుండి 5 మిల్లీగ్రాముల వరకు బి 12 నిలువ యుండును. ఆదాయము తగ్గినను మూలధనము తీసి ఖర్చుపెట్టుకొను అంగడివలె శరీరము ఏండ్ల తరబడి నడచును. పైకి వ్యాపారము బాగుగనే కనిపించును. మూలధనము అడుగంటిన తరువాతనే తిమ్మిర్లు, మంటలు, తూలుట, మరపు ఆరంభమగును. నరములు చెడి ఎక్కువకాలము గడచినచో, తరువాత మందిచ్చినను పూర్తిగా కోలుకొనకపోవచ్చును.

ఈ చరిత్రలో తెలుగువారికి సంబంధించిన భాగము ఒకటి కలదు. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అను వైద్యులు ఒక ఘోరమైన రక్తహీనతకు జంతువుల కాలేయము తినిపించి రోగులను బ్రతికించిరి. అటువంటి మందును జైనుడు స్వీకరింపజాలడు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. దానితో రక్తము చక్కబడుట చూచి వైద్యులు సంతోషించిరి. కాని కొద్ది సంవత్సరములలోనే ఒక చిక్కు బయటపడెను: బి 12 లోటుగల రోగికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము మెరుగుపడును గాని నరముల జబ్బు లోలోపల ముదురుచునే యుండును. 1948లో బి 12 విడిగా లభించినది. అదే ఏట ఒక సూక్ష్మజీవి పెంపకమునుండి కూడ దానిని తీసిరి. నేడు అంగళ్ళలో దొరకు బి 12 అంతయు సూక్ష్మజీవుల పులియబెట్టుటవలన తయారగునదే. సుబ్బారావుగారు ఆ 1948లోనే కన్నుమూసిరి.

పరీక్ష లేకుండ బలము మాత్రలు మ్రింగుటలోని అపాయము ఇక్కడనే యున్నది. ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆమ్లము మాత్ర నెలల తరబడి వాడిన వ్యక్తికి హిమోగ్లోబిన్ చక్కగా కనిపించును. కాళ్ళ తిమ్మిరి మాత్రము పెరుగుచుండును. దీనినిబట్టి గర్భిణి తనకిచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు మానరాదు; బిడ్డ వెన్నెముకకు ఫోలిక్ ఆమ్లము అత్యవసరము. ఆమెకు బి 12 కూడ చూడవలెనని మాత్రమే తాత్పర్యము.

ఎందుకనిన 1962లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు లాన్సెట్ పత్రికలో ఆరుగురు పసిబిడ్డల సంగతి ప్రకటించిరి. అందరును తల్లిపాలు త్రాగుచున్న బిడ్డలు, తల్లులు శాకాహారులు. బిడ్డలు నవ్వుట మానిరి, నేర్చిన చేష్టలు మరచిరి, చర్మము నల్లబడెను, కాళ్ళుచేతులు అదరుచుండెను. పరీక్షింపగా లోటు బి 12దని తేలినది. అది ఇచ్చిన పిమ్మట కోలుకొనిరి. తల్లికి లోటున్నచో ఆమె పాలలోను లోటే. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రములో చేరువరకు వేలూరువలెనే మద్రాసు రాష్ట్రపు ఊరు. ఇక్కడి ఇండ్ల భోజనమును ఆ తల్లుల భోజనమునకు ఎక్కువ భిన్నము కాదు.

ఇక పరీక్షల సంగతి. మొదటిది సంపూర్ణ రక్తగణన. ఏ చిన్న ప్రయోగశాలలోనైనను చేయుదురు. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూచి కాగితము మడచి పెట్టుట పొరపాటు. ఎం.సి.వి. అను అంకె ఎర్రకణము సగటు పరిమాణమును తెలుపును. సాధారణముగా 80 నుండి 100 వరకు ఉండును. బి 12 లోటులో కణములు పెద్దవై 100 దాటును. ఇనుము లోటులో చిన్నవగును. రెండు లోటులును ఒకే మనిషిలో ఉన్నచో? పెద్ద ఉల్లిగడ్డలు, చిన్న ఉల్లిగడ్డలు ఒకే బస్తాలో పోసి సగటు తీసినట్లు అంకె 90 వద్ద నిలిచి అంతయు బాగున్నదనిపించును. ఉల్లి జైనుల ఇంట వండకపోయినను, అమ్మకము తెలిసిన వర్తకులకు ఈ మోసము తెలియును. అందుచేత సూక్ష్మదర్శినిక్రింద రక్తపు పూత చూడవలెను. తెల్లకణముల కేంద్రకము ఐదు, ఆరు తునకలుగా కనిపించినచో అనుమానము బలపడును.

రెండవది సీరం బి 12. మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు తక్కువైనచో లోటనియు, 200 నుండి 300 మధ్య సందేహమనియు సాధారణముగా తీసికొందురు. సందేహమున్న చోట హోమోసిస్టీన్ లేక మిథైల్ మలోనిక్ ఆమ్లము పరీక్ష తేల్చును. మొదటిది ఫోలిక్ ఆమ్లపు లోటులోను పెరుగును గనుక రెండవది ఎక్కువ నమ్మదగినది, ఖరీదును ఎక్కువే. వీనితోపాటు ఇనుము నిలువను తెలుపు ఫెర్రిటిన్ చూచుట మేలు. మాత్రలుగాని సూదిమందుగాని మొదలుపెట్టక ముందే రక్తమీయవలెను. నిన్న సూది వేయించుకొని నేడు పరీక్షించినచో అంకె ఆకాశమునంటును, దానికి అర్థముండదు.

అంకె వచ్చిన తరువాత సలహా మనిషికొక తీరుగ మారును. 280 వచ్చిన యువకునికి, నరముల బాధ ఏమియు లేనిచో, అర లీటరు పాలు పెరుగులు నియమముగా పుచ్చుకొని మూడు నెలల తరువాత మరల చూడుడని చెప్పవచ్చును. 120 వచ్చి తిమ్మిర్లున్నవారికి పాలు త్రాగుమనుట కాలయాపన. వైద్యుడు సూదిమందు మొదలుపెట్టవలెను. చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు, కడుపుమంటకు ఆమ్లము తగ్గించు మాత్రలు ఏండ్ల తరబడి వాడువారికి తిన్న బి 12 సరిగా ఒంటబట్టదు. వారి కాళ్ళ మంటను చక్కెరవ్యాధిపైననే మోపుట సులభము. పరీక్ష చేసిన కొందరిలో దోషి వేరుగ దొరకును.

తపస్సు చేయువారి లెక్క మరియొకటి. ఆయంబిల్‌లో పాలు, పెరుగు, నేయి, నూనె ఏవియు ఉండవు. చైత్ర, ఆశ్వయుజ ఓళీల తొమ్మిదేసి దినములు నిలువనుబట్టి సునాయాసముగా గడచును. వర్ధమాన తపము ఏండ్లపాటు సాగించువారు, వర్షీతపము పట్టువారు మాత్రము ఆరంభమునకు ముందే రక్తము చూపించుకొనవలెను. తపస్సును మానుమని దీని భావము కాదు; నిలువ ఎంతయున్నదో తెలిసి దిగుట మంచిది. లోటున్నచో ముందే నింపుకొనవచ్చును. తపోకాలములో సూదిమందు విషయము గురుమహారాజులనడిగి నిర్ణయించుకొనదగినది. మందు పుట్టుక సూక్ష్మజీవులవలననే అయినను, మెత్తని గొట్టము మాత్రలు చాల వరకు జిలటిన్‌తో చేయుదురు. అది పశువుల ఎముక, చర్మములనుండి తీయునది. చప్పరించు గట్టి మాత్రలు దొరకును. పొట్లముపై ఆకుపచ్చ చుక్క ఉన్నను లేకున్నను అందులోని దినుసులు చదివి కొనవలెను.

ప్రతి ఇంట పరీక్షల కాగితములు తేదీలవారీగా ఒక సంచిలో ఉంచుట అవసరము. కోడలు గర్భవతియైనప్పుడు పుట్టినింటినుండి వచ్చిన పాత కాగితమును దానిలో చేర్చవలెను. రెండేండ్ల క్రిందటి అంకె 340, నేటి అంకె 230 అని ప్రక్కప్రక్కన చూచిన వైద్యుడు, ఇంకను లోటు పేరు పడకముందే పాలు పెంచుమనియో, మాత్ర మొదలుపెట్టుమనియో చెప్పగలడు.