ఫోన్ లేకుండా ముద్ద దిగాలంటే

ప్రశ్న: మాది జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్. మా నాలుగేళ్ల పాపకు ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు. కిచెన్ సెట్ కొనిస్తే తిండి మీద ధ్యాస కలుగుతుందా?

జవాబు: కొనండమ్మా. ఏటికొప్పాక లక్కపిడతలు దొరికితే మరీ మంచిది. ఈ ఆట కొత్తదేం కాదు. పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి గుజ్జనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది.

కానీ ఉత్తుత్తి వంటతో ఆగకండి. మీ ఊళ్లో లిట్టీ చేయని ఇల్లు తక్కువ కదా! ఆ రోజు నిమ్మకాయంత పిండి ముద్ద పాప చేతికివ్వండి. సత్తు (వేయించిన శనగల పిండి) కూరి మూసే పని తనదే. వంకరగా వస్తే రానివ్వండి, దిద్దకండి. కాల్చడం మాత్రం మీరే చేయాలి. తను చేసిన లిట్టీ తన పళ్లెంలోనే పడాలి, అసలు కిటుకు అదే.

తినే దగ్గర అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ పద్ధతి నాకు నచ్చుతుంది: ఏం, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు చూసుకుంటారు, తినాలా వద్దా, తింటే ఎంత అన్నది పిల్లల ఇష్టం. అమ్మమ్మలకు ఇది మింగుడుపడదు లెండి! కొత్త కూరను కొందరు పిల్లలు పది పదిహేనుసార్లు చూశాక గానీ నోట పెట్టరు. బరువు పెరగడం ఆగితే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.