మానవ ఇన్సులిన్: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పంచాయతీ తీర్మానము గ్రామస్థులకు తెలియవలెనన్నచో చాటింపు వేయించుట మన గ్రామములందు చిరకాలముగా నున్న ఆచారము. చాటింపు వినబడని వీధివారికి ఆ తీర్మానము లేనట్లే. మానవ శరీరమునందును ఇట్టి ఏర్పాటు కలదు. ఒక అవయవమునుండి వేరొక అవయవమునకు వార్తను గొనిపోవు పదార్థములను హార్మోనులందురు. వానిలో మాంసకృత్తు జాతికి చెందినది ఇన్సులిన్.

ఇన్సులిన్ చేయు పని

మనము తినిన అన్నముగాని, జొన్నరొట్టెగాని జీర్ణమై, గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. అప్పుడు జీర్ణకోశమునకు వెనుకనున్న క్లోమము ఇన్సులిన్‌ను విడుదల చేయును. చక్కెరను లోనికి గ్రహింపుమని కండరములకును, నిలువ చేయుమని కాలేయమునకును అది వార్త నందించును. ఈ వార్త అందనిచో రక్తములో చక్కెర పేరుకొనును. కణములు మాత్రము ఆకలితో నుండును. ఇదియే మధుమేహము.

ఇందు రెండు ముఖ్యమైన రకములు కలవు. మొదటి రకమున క్లోమము ఇన్సులిన్‌ను దాదాపుగా తయారు చేయదు. ఇది పిల్లలయందును, యువకులయందును ఎక్కువగా కనబడును. పెద్దలలో ఎక్కువగా కనబడు రెండవ రకమున ఇన్సులిన్ ఉన్నను కణములు దాని వార్తను సరిగా అందుకొనజాలవు.

పశువుల క్లోమమునుండి సూక్ష్మజీవి వరకు

1921కు పూర్వము మొదటి రకపు మధుమేహము సోకిన బిడ్డలు సాధారణముగా కొలదికాలములోనే మరణించుచుండిరి. ఆ సంవత్సరమున కెనడాలోని టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అను వారు కుక్కల క్లోమమునుండి తీసిన రసము రక్తములోని చక్కెరను తగ్గించునని నిరూపించిరి. 1922 జనవరిలో, కాలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన మందును పొంది ఒక 14 ఏండ్ల బాలుడు కోలుకొనెను. పిమ్మట ఆ శాస్త్రజ్ఞులు తమ హక్కులను తలకొక డాలరునకు టొరంటో విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

తరువాత సుమారు 60 సంవత్సరములు ఈ మందు ఆవుల, పందుల క్లోమమునుండియే లభించెను. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లముల కూర్పు. పంది ఇన్సులిన్ మానవ ఇన్సులిన్‌తో ఒక్కచోట, ఆవు ఇన్సులిన్ మూడుచోట్ల భేదించును. అందువలన కొందరికి అది పడకుండెను.

1978లో అమెరికా దేశపు కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు మానవ ఇన్సులిన్ నిర్మాణమును నిర్దేశించు జన్యువులను కృత్రిమముగా కూర్చి, ఇ. కోలై అను సూక్ష్మజీవియందు ప్రవేశపెట్టిరి. నాటుమామిడి మొక్కకు మేలురకపు అంటు కట్టినచో మేలైన పండు కాచినట్లు, ఆ సూక్ష్మజీవి మానవ ఇన్సులిన్ భాగములను తయారు చేసెను. 1982లో ఈ మందుకు అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. నేడు మన దేశమునందును ఇట్టి ఇన్సులిన్ తయారగుచున్నది. ప్రయోగశాలలలో జీవకణములను పెంచుటకును దీనిని వాడుచున్నారు. ఇదే శాస్త్రమును అనుసరించి హైదరాబాదులో తయారైన హెపటైటిస్ బి టీకా 1997లో విడుదలయ్యెను.

సభ్యులు చేయదగిన పనులు

1. అతిదాహము, మాటిమాటికి మూత్రము, కారణములేక చిక్కిపోవుట అను లక్షణములు పిల్లలలో కనబడినచో, నాడే రక్తపరీక్ష చేయింపవలెను. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కూడ ఉన్నచో అది ప్రాణాపాయ స్థితి. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

2. మొదటి రకము వారు ఇన్సులిన్‌ను ఒక్కనాడైనను మానరాదు. ఆకుపసరులను, తాయెత్తులను నమ్మి సూది మాన్పించుట బిడ్డ ప్రాణమునకు ముప్పు అని తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను.

3. తెరువని సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనమున ఉంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. శీతలయంత్రము లేని ఇండ్లలో, తడి ఇసుకలో నిలిపిన మట్టిపాత్రలో, సీసాకు నీరు తగులకుండ భద్రపరుపవచ్చును. ఎండ తగులనీయరాదు.

4. సూది తీసికొనువారికి చెమట, వణుకు, మైకము కలిగినచో చక్కెర తగ్గినదని అనుమానించి, తెలివి యున్నంతలో చక్కెర నీరు త్రాగింపవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి గొనిపోవలెను.

5. ఆరోగ్య ఉపకేంద్రములో 30 ఏండ్లు పైబడిన వారికి జరుపు మధుమేహ పరీక్షలను గూర్చి గ్రామసభలో తెలియజేయవలెను.

శాస్త్రజ్ఞుల కృషిఫలము ఊరి చివరి ఇంటి బిడ్డకును అందవలెను. గ్రామములో ఇన్సులిన్ అవసరమైనవారు ఎందరు కలరో, వారికి మందు సక్రమముగా అందుచున్నదో లేదో ప్రతి సభ్యుడును తన వార్డునందు విచారించి, లోపమున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యాధికారికి తెలియజేయుట కర్తవ్యము.