కుండనీళ్ళతో ఫిల్ము కడుగుదాం

ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో మీరు నలుపు-తెలుపు ఫిల్ముతో ఫోటోలు తీశారనుకుందాం. ఆ ఫిల్మును ఇంట్లోనే కడగవచ్చు. కాని వేసవిలో అక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చిక్కంతా దానితోనే. ఎందుకో తెలుసా?

ఒకప్పుడు ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్మైనా, నేడు దొరికే ఫిల్మైనా నిర్మాణం ఒకటే: జిలటిన్ పొరలో వెండి లవణాల రేణువులు. వెలుగు సోకిన రేణువులను డెవలపర్ నల్లని వెండిగా మారుస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఈ చర్య వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద ఏడెనిమిది నిమిషాలు పట్టే పని 24 వద్ద ఐదారు నిమిషాల్లోనే ముగుస్తుంది. ఇంకా వేడెక్కితే వెలుగు సోకని రేణువులూ నల్లబడతాయి, జిలటిన్ మెత్తబడుతుంది. పాడైన ఫిల్ము మళ్ళీ బాగుపడదు.

ఉపాయం మన మట్టికుండలో ఉంది. కుండ రంధ్రాల నుంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత చల్లబడుతుంది. తెల్లవారుజామున బేసిన్‌లో కుండనీళ్ళు పోసి, మందుల సీసాలు అందులో నిలబెట్టండి. థర్మామీటరు 24 దాటితే బేసిన్‌లో ఐసుముక్కలు వేయండి.

పూర్తి చీకటిలో ఫిల్మును ట్యాంకులోకి ఎక్కించి మూత బిగించండి. ఇక వెలుతురులోకి రావచ్చు. డెవలపర్ పోసి, నిమిషానికోసారి కదపండి. సమయం కాగానే పారబోసి, నీళ్ళతో తొలిచి, హైపో పోయండి. మిగిలిన వెండి లవణాలను హైపో కరిగించేస్తుంది. చివరగా చల్లని నీటితో బాగా కడిగి, దుమ్ములేని చోట ఆరవేయండి.

జాగ్రత్త! రబ్బరు తొడుగులు వేసుకోండి, వంటపాత్రలు వాడకండి, పెద్దలను దగ్గర ఉంచుకోండి.

ఐసును బేసిన్‌లోనే వేయాలి, డెవలపర్‌లో వేయకూడదు. కారణం మీరే ఆలోచించండి!