గోడమీది పటం, గృహస్థుని అభిరుచి

గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో పటాలకు చోటు ఇల్లు కట్టిన నాడే స్థిరపడిపోయేది. మండువా అంటే నాలుగు వైపుల పెంకుల చూరు లోపలికి వాలి, నడుమ ఆకాశానికి తెరచి ఉన్న ముంగిలి. దాని చుట్టూ ఉన్న వసారా గోడలకు, దూలాలకు కొంచెం దిగువన, దేవుళ్ళ పటాలూ గతించిన పెద్దల ఛాయాచిత్రాలూ ముందుకు వంగి వరుసగా వేలాడేవి. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టిన తరువాత చవకగా దొరికిన రంగుల అచ్చుబొమ్మలు కూడా ఆ వరుసలో చేరాయి. చాపమీదా నులకమంచంమీదా కూర్చుని తలెత్తి చూసేవారికి ఆ వంపు వల్ల బొమ్మ నేరుగా కనిపించేది, అద్దంమీది తళుకు కూడా తగ్గేది. దెందులూరు చుట్టుపక్కల ఇప్పుడు లేస్తున్న స్లాబు ఇళ్ళలో ఆ వసారా లేదు, ఆ వరుసా లేదు. పెద్ద హాలు, ఖాళీ గోడ, దానికి ఆనించిన సోఫా ఉన్నాయి. ఒకప్పుడు ఆచారం తేల్చిన సంగతిని ఇప్పుడు గృహస్థు తానే తేల్చుకోవలసి వస్తున్నది కనుక, వ్యక్తిత్వ వికాసానికీ ఈ గోడకూ సంబంధం ఏర్పడుతున్నది.

సొంతంగా నిర్ణయించే అలవాటు లేనివారిని ఖాళీ గోడ కంగారు పెడుతుంది. గృహప్రవేశం నాటికి అన్నీ నిండిపోవాలన్న తొందరలో బంధువుల ఇంట్లో చూసిన ఏడు గుర్రాల పటమో, దుకాణదారు సోఫా రంగుకు జతచేసి ఇచ్చిన అచ్చుబొమ్మో వచ్చి చేరుతుంది. ఆ గుర్రాలు ఏ దిక్కుకు పరుగెత్తాలన్న దానిమీద జరిగే చర్చలో పదోవంతైనా, వాటిని చిత్రకారుడు బాగా గీశాడా లేదా అన్నదానిమీద జరగదు. ప్రాచీనులు ఈ విషయంలో మరింత లోతుగా ఆలోచించారు. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రలేఖన నియమాలు చెప్పే చిత్రసూత్రం, ఇళ్ళకు మంగళకరమైన వస్తువుల బొమ్మలను సూచిస్తూనే, చిత్రాల యోగ్యతను రసాన్ని బట్టి, అంటే చూసినవారి మనసులో నిలిచే భావాన్ని బట్టి నిర్ణయించింది: శృంగార, హాస్య, శాంత రసాలు ఇంటికి తగినవి, తక్కిన రసాలు రాజసభలకూ దేవాలయాలకూ చెల్లుతాయి. ఈ నియమాన్ని నేటివారు తు.చ. తప్పకుండా పాటించనక్కరలేదు గాని, ఏళ్ళ తరబడి పొద్దున్నే కంటబడే బొమ్మ ఇంట్లోవారి మనసును ఏ స్థితిలో ఉంచుతుందన్న, ఆ నియమం వెనక ఉన్న ప్రశ్న, దిక్కుల ప్రశ్నకన్నా చాలా విలువైనది.

ఆచార్యులు రేఖను, నేర్పరులు వెలుగునీడలను, స్త్రీలు ఆభరణాలను, తక్కినవారు రంగుల నిండుదనాన్ని మెచ్చుకుంటారని కూడా ఆ గ్రంథం చెబుతుంది. స్త్రీలను గురించిన ముక్కను ఆనాటి పురుషుల అభిప్రాయంగా పక్కన పెట్టినా, చూపు రంగుల దగ్గర మొదలై క్రమంగా రేఖ దగ్గరకు చేరుతుందన్న పరిశీలన నిలుస్తుంది. రేఖను చూడటం నేర్చుకోవడానికి ఈ ప్రాంతంవారు దూరం పోనక్కరలేదు: 1933లో నరసాపురంలో పుట్టిన బాపు గీసిన బొమ్మల్లో ఒక్క గీత భుజాన్నీ, చీర కుచ్చెళ్ళనూ, నడకలోని ఒయ్యారాన్నీ కలిపి పలికిస్తుంది. 27 ఏళ్ళకే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. కొనే ముందు అలాంటి చోట ఒకే చిత్రం ఎదుట తీరికగా నిలబడటం, దుకాణంలో వంద బొమ్మలు తిరగేయడంకన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఏలూరు తివాచీ ఈ చర్చలో ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఇరాన్ వైపు నుంచి వచ్చిన నేతగాళ్ళతో ఈ పని ఇక్కడ నాటుకొన్నదని చెబుతారు. నూలు పడుగుమీద ఉన్ని పోగులను ఒక్కొక్కటిగా ముడివేసి, వరుస పూర్తికాగానే పేకను దట్టించి, పైకి తేలిన కొసలను కత్తిరించి సమం చేస్తారు, కనుక నాణ్యం తెలుసుకోదలచినవారు తివాచీని తిరగవేసి వెనకవైపు ముడులు ఎంత దగ్గరగా పడ్డాయో చూడాలి. విదేశాల ఇళ్ళలో పరుచుకొన్న ఈ నేత, ఉక్కపోతా తడికాళ్ళూ తప్పని సొంత ఊరి నేలకు అంతగా పొసగదు. చిన్న తివాచీని గోడకు వేలాడదీస్తే ఆ చిక్కు తీరుతుంది. మూలలకు మేకులు కొడితే బరువుకు సాగిపోతుంది గనుక, పైఅంచు వెనక గొట్టంలా మడిచిన గుడ్డపట్టీ కుట్టి, అందులో కడ్డీ దూర్చి వేలాడదీయాలి. పెడన కలంకారీ వస్త్రాన్నీ ఇదే పద్ధతిలో వేలాడదీయవచ్చు. అది చెక్క అచ్చులతో అద్దేది గనుక, అచ్చు అచ్చుకూ మధ్య అతుకులో కనిపించే స్వల్పమైన తేడా లోపం కాదు, చేతిపనికి ఆనవాలు.

ఎంచుకున్నదాన్ని కాపాడుకోవడంలో ఈ నేల స్వభావం తెలిసి ఉండాలి. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరుల నీరు చేరే కొల్లేటి సరస్సు చుట్టుపక్కల వానాకాలపు చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది. కాగితపు బొమ్మ నేరుగా అద్దానికి అంటుకొంటే బూజు మచ్చలు తేలుతాయి, కనుక పటం కట్టించేటప్పుడు బొమ్మ చుట్టూ ఆమ్లం లేని మౌంటు అట్ట పెట్టించి ఎడం ఉంచాలి, చట్రం వెనక మూలల్లో రబ్బరు ముక్కలు అంటించి గోడకూ పటానికీ మధ్య గాలి ఆడనివ్వాలి. వాన జల్లు కొట్టే బయటి గోడకన్నా గదుల మధ్య గోడ మేలు. వెలుగును లక్సులలో కొలుస్తారు; కాగితానికీ బట్టకూ మ్యూజియంలు సాధారణంగా 50 లక్సులు దాటనివ్వవు, కిటికీ పక్క పగటి వెలుగు వేలలో ఉంటుంది. ఎత్తు విషయంలో, బొమ్మ మధ్యభాగం నేలనుంచి సుమారు 145–150 సెంటీమీటర్ల దగ్గర ఉంటే నిలబడినవారి చూపుకు అందుతుంది, కూర్చుని కబుర్లాడే గదిలో ఇంకా కొంత దించవచ్చు. మండువాకాలపు అలవాటుతో స్లాబు కిందికి తోసేసిన పటాలు ఈ ప్రాంతపు హాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి.

జపాను ఇళ్ళలో తొకొనోమా అనే చిన్న అలంకరణ అరలో సాధారణంగా ఒక చిత్రపటమే వేలాడదీసి, ఋతువును బట్టి దాన్ని మారుస్తారు. రోజూ చూసే వస్తువును కన్ను కొన్నాళ్ళకు గమనించడం మానేస్తుంది కనుక ఈ మార్పు అవసరమవుతుంది. తెలుగు ఇంట్లో దీనికి వేరే ముహూర్తం అక్కరలేదు, సంక్రాంతికి ముందు దులుపుళ్ళకూ సున్నాలకూ పటాలన్నీ ఎలాగూ కిందికి దిగుతాయి. ఏది తిరిగి గోడ ఎక్కాలో అప్పుడు ఇంటిల్లిపాదీ, బడికి వెళ్ళే పిల్లలతో సహా, కారణాలు చెప్పి వాదించుకోవచ్చు. ఇన్నాళ్ళుగా అక్కడే ఉందన్నది మాత్రం ఆ కారణాల్లో లెక్కకు రాకూడదు.