పరదేశములో బీదల పేటను చూచుట

పరదేశయాత్ర చేయువారు కోటలను, దేవాలయములను, సముద్రతీరములను చూతురు. కొందరు బీదలు నివసించు పేటలను గూడ చూడగోరుదురు. ఇది క్రొత్త అలవాటు కాదు. 1880-90 నడుమ లండను ధనికులు ఆ నగరపు తూర్పు పేటలకు వినోదార్థము పోవుచుండిరి. నేడు ముంబైలోని ధారావిలోను, బ్రెజిలు దేశపు రియో నగరమందలి రోసిన్యాలోను రుసుము తీసికొని యాత్రికులను త్రిప్పి చూపువారు కలరు. ఇట్లు చూడబోవుట తగునా? తగినచో ఎట్లు చూడవలెను? విద్యార్థులారా, ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. ఒకప్పుడు సముద్రమున కావల అట్టి పేటలలో నివసించినవారు మనవారే.

నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వేలకొలది జనులు కళింగపట్టణము, గోపాలపురము మొదలగు రేవులలో పొగయోడ లెక్కి బర్మాలోని రంగూనుకు కూలికై పోయిరి. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. ఓడల సరకు దింపుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట, రిక్షాలు లాగుట తెలుగు కూలీల పనులు. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు వీరిని 'కోరంగీలు' అనిరి. ష్వేడగోను పగోడా బంగారు శిఖరమును చూడవచ్చిన యాత్రికునికి వీరి బసలలో ఇరుకు గదులు, ఒకరి నానుకొని యొకరు పరుండిన మనుష్యులు కనబడిరి. "వీరు శుభ్రత నెరుగరు" అని తీర్మానించుట సులభము.

కంటికి కనబడనిది వేరొకటి కలదు. ఓడ ప్రయాణమునకు ముందుగా ఇచ్చిన సొమ్మును మేస్త్రీ కూలిలో మినహాయించుకొనుచుండెను. గది పలువురు పంచుకొన్ననేగాని టెక్కలి ప్రక్కనో, ఉద్దానపు కొబ్బరితోటల నడుమనో ఉన్న ఇంటికి పంపుటకు రూపాయి మిగులదు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరిన పిమ్మట వారిని పంపివేసిరి. అందుండి పుట్టిన కొట్లాటలో వందమందికి పైగా మరణించిరి; వారిలో భారతీయులే అధికులు. వీధి వెంట నడచిపోవువానికి ఈ కారణములలో ఒకటియు కనబడదు.

జేన్ ఆడమ్సు అను అమెరికా యువతి 1883లో ఒక యాత్రికుల గుంపుతో లండను తూర్పు పేటకు పోయెను. శనివారపు రాత్రి చెడిపోయిన కూరగాయలను వేలము వేయుచుండగా బీదలు చాచిన చేతులను ఆమె గుర్రపు బస్సు పైనుండి చూచెను. ఆ చేతులను ఆమె మరువలేదు. 1889లో చికాగోలో వలసకూలీల నడుమ 'హల్ హౌస్' స్థాపించి, 1935లో మరణించు వరకు వారికి పొరుగుగా నుండెను. కావున చూచుట తప్పు కాదు; చూచినంతనే తీర్పు చెప్పి మరలిపోవుట తప్పు.

అట్టి పేటకు పోవువారు పాటింపవలసిన నియమములు నాలుగు:

1. ఆ పేటవారు సమ్మతించిన మార్గదర్శితోనే పోవలెను. మన రుసుములో వారికేమి చేరునో ముందుగా అడుగవలెను.

2. అనుమతి లేక ఫొటో తీయరాదు. తలుపు లేని ఇల్లైనను ఇల్లే.

3. మురికికంటె ముందు పనిని చూడవలెను. ధారావిలో కుండలు, తోలు వస్తువులు తయారగుచున్నవి. పలాసలో జీడిపిక్కలు కొట్టు స్త్రీల చేతులు జీడిరసముచే నల్లబడును. ఆ మరక మురికి కాదని మన మెరుగుదుము, పరదేశి యెరుగడు.

4. కూలి యెంత, అద్దె యెంత, నీరెక్కడిది అని తెలిసికొనక అభిప్రాయము చెప్పరాదు.

ఉద్దానములో మూత్రపిండవ్యాధి ప్రబలినది మొదలు మన గ్రామములకు కెమెరాలతో వచ్చినవారు అనేకులు. రోగి పేరడిగి, త్రాగునీటినిగూర్చి విచారించి, మరల వచ్చినవారెవరో, మంచము ప్రక్క నిలిచి ఫొటో తీసికొని పోయినవారెవరో గ్రామస్థులు ఎరుగుదురు. రేపు మీరును యాత్రికులగుదురు. అంతకు ముందు మీ యింటి పెద్దలను రంగూను బసలనుగూర్చి యడుగుడు. వారు చెప్పినది విని, అటుపిమ్మట ప్రయాణము కట్టుడు.