టెక్సస్ జింక వేట: కూత నుంచి కూర దాకా చిట్కాలు

నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో తుపాకీతో జింకల వేటకి జనరల్ సీజన్ మొదలవుతుంది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడితే నేరం. ఇక్కడ తెల్లతోక జింకలు అరకోటి పైనే ఉన్నాయి, మంద మేతకి మించి పెరగకుండా ప్రభుత్వమే లైసెన్సులిచ్చి వేటాడిస్తుంది. మేం ఏటా మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీలో లానో వైపు వెళ్తాం. కనబడిన మొదటి జింకని కొట్టేయకుండా చూసి ఎంచుకుంటే మన ఫ్రీజరూ నిండుతుంది, మందా బాగుంటుంది. అన్నీ నేను చేసి చూసినవే, వినండి.

1. లైసెన్స్ సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. సెప్టెంబర్‌లోనే కొనేస్తే అదే డబ్బుకి ఏడాదంతా కలిసొస్తుంది.

2. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి. వేసవి సెలవుల్లో పిల్లలతో పాటు మీరూ చేసేయండి, ఒక్కసారి చేస్తే మళ్లీ అక్కర్లేదు.

3. హెచ్-1బీ లాంటి వీసా మీదున్నవాళ్లకి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం చాలా గట్టిది. హంటింగ్ లైసెన్స్ చేతికి రాకుండా స్నేహితుడి తుపాకీ కూడా పట్టుకోకండి.

4. వేట బట్టలు బేకింగ్ సోడాతో ఉతికి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి గరాజ్‌లో ఉంచండి. పోపు వాసన, అగరొత్తుల వాసన పట్టిన జాకెట్‌తో వెళ్తే మీరెంత బాగా జింకలా కూత పెట్టి పిలిచినా అది దగ్గరికి రాదు.

5. కంటిచుక్కల ఖాళీ సీసాలో కార్న్‌ఫ్లోర్ నింపి జేబులో వేసుకోండి. ఒక్కసారి నొక్కితే గాలి ఎటు పోతోందో కనబడుతుంది, దుకాణంలో అమ్మే పొడి కొనే పని లేదు.

6. కూతల సామానుకి డబ్బు తగలేయకండి. ఊదే గ్రంట్ ట్యూబ్ ఒకటి, తిరగేస్తే ఆడజింకలా అరిచే బ్లీట్ క్యాన్ ఒకటి ఉంటే సీజనంతా గడిచిపోతుంది.

7. గ్రంట్ ట్యూబ్‌ని మొదటిసారి అడవిలో ఊదకండి. ఆఫీసుకెళ్లే దారిలో కారు అద్దాలు ఎత్తేసి సాధన చేయండి, గొంతు లోపలి నుంచి తక్కువ శ్రుతిలో రావాలి.

8. రెండు మూడు చిన్న గుర్రులు ఊది పావుగంట నోరు మూసుకుని కూర్చోండి. అదేపనిగా ఊదితే జింకలకి అనుమానమొస్తుంది, మీకు ఆయాసమొస్తుంది.

9. జింక మీ వైపే నడిచొస్తుంటే కూత పెట్టొద్దు, మీ వైపు చూస్తున్నప్పుడు అసలే వద్దు. తల తిప్పి వెళ్లిపోతోంటే అప్పుడు ఒక్క గుర్రు చాలు, ఆగి వెనక్కి చూస్తుంది.

10. జింకలు జతకట్టే రోజుల్లో కూతలు బాగా పనిచేస్తాయి. హిల్ కంట్రీలో అది ఎక్కువగా నవంబర్‌లో, దక్షిణ టెక్సస్‌లో డిసెంబర్‌లో, కాబట్టి సెలవు ఆ లెక్కన పెట్టుకోండి.

11. రాలిన కొమ్ములు రెండు దొరికితే దాచుకోండి, కొట్లాట శబ్దం చేయడానికి ఇంకేం కొననక్కర్లేదు. సీజన్ మొదట్లో మెల్లగా తాకించండి, జతకట్టే వేడి మొదలయ్యాక ఒకటి రెండు నిమిషాలు గట్టిగా రాపాడించి ఆపేయండి.

12. రాపాడించేటప్పుడు కాలితో ఎండుటాకులు తొక్కండి, ఓ పుల్ల విరవండి. నిజంగా రెండు మగజింకలు కలబడితే నేల కూడా చప్పుడవుతుంది.

13. కూతకి వచ్చే మగజింక తిన్నగా రాదు, గాలి వాసన పట్టడానికి చుట్టు తిరిగి వస్తుంది. మీ మీంచి గాలి పోయే దిక్కున ఖాళీ జాగా కనబడేలా కూర్చోండి, అది తుప్పల చాటున ఆగిపోయే అవకాశం ఇవ్వకండి.

14. ప్రభుత్వ భూముల్లో కొమ్ములు రాపాడిస్తే ఇంకో వేటగాడు జింకే అనుకుని రావచ్చు. నారింజ రంగు చొక్కా, టోపీ తీయకండి.

15. బాగా చలిగా ఉన్నప్పుడు ఊపిరి తేమకి ట్యూబ్ లోపలి రీడ్ గడ్డకట్టి మూగబోతుంది. జాకెట్ లోపల పెట్టుకోండి, ఇంటికొచ్చాక దులిపి ఆరబెట్టండి.

16. ఇక అసలు సంగతి, ఏ జింకని ఎంచుకోవాలి అన్నది. తుపాకీ స్కోప్‌తో ఎప్పుడూ వెతకొద్దు, బైనాక్యులర్స్‌తో చూడండి. పొదల వెనక ఉన్నది మనిషైతే తుపాకీ గురిపెట్టినట్టవుతుంది.

17. వండుకోవడానికైతే ఎదిగిన ఆడజింకే నా ఓటు. మాంసం మెత్తగా ఉంటుంది, ఆడవి తగ్గితే మందకి మేత మిగులుతుంది. అయితే మీ కౌంటీలో ఆడజింకల్ని ఎప్పుడు, ఎన్ని కొట్టనిస్తారో ముందే చూసుకోండి.

18. ఒంటరిగా వచ్చిన కొమ్ముల్లేని చిన్న జింకని కొట్టకండి, చాలాసార్లు అది ఆ ఏడు పుట్టిన మగపిల్ల అవుతుంది. రెండు మూడు పక్కపక్కన నిలబడేదాకా ఆగితే ఏది పెద్దదో పోల్చుకోవచ్చు.

19. తల చూడండి: పెద్ద ఆడజింకకి చెవుల మధ్య గుండ్రంగా, మూతి పొడుగ్గా ఉంటుంది. మగపిల్లకి చెవుల మధ్య చదునుగా, మూతి పొట్టిగా ఉంటుంది.

20. ఒళ్లు చూడండి: పిల్ల చదరంగా కనబడుతుంది, పెద్దది నిడుపుగా. సాయంత్రం మసకలో ఒక్కటే ఉంటే పిల్ల కూడా పెద్దదానిలా కనబడుతుంది, కాబట్టి వెలుతురుండగానే తేల్చుకోండి.

21. మగజింక వయసు కొమ్ముల్లో వెతకొద్దు, ఒంట్లో వెతకండి. ఏడాదిన్నరది సన్నటి మెడతో, పొడుగు కాళ్లతో అచ్చం ఆడజింకకి కొమ్ములు పెట్టినట్టుంటుంది, దాన్ని వదిలేయండి.

22. మూడున్నరేళ్ల దానికి మెడ ఉబ్బి ఛాతీ దిగుతుంది గానీ నడుము ఇంకా లోపలికే ఉంటుంది. ఇంకో రెండేళ్లు బతకనిస్తే కొమ్ములు బాగా ఎదుగుతాయి.

23. నడుమూ ఛాతీ ఒక్క గీతలో ఉండి, పొట్ట జారి, కాళ్లు పొట్టిగా అనిపిస్తే అయిదేళ్లు దాటినట్టే. కొట్టాల్సిన మగజింక అదే.

24. కొన్ని కౌంటీల్లో మగజింకకి కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలుండాలి, లేదా ఒక కొమ్మైనా కొమ్మలు వేయకుండా ఉండాలి. రిక్కించిన చెవుల కొసల మధ్య దూరం ఇంచుమించు అంతే, కాబట్టి కొమ్ములు చెవులు దాటాయా అని చూస్తే టేపుతో పని లేదు.

25. కుంటుతున్నది కనబడితే ముందు దాన్నే ఎంచుకోండి. బక్కచిక్కి, చొంగ కారుస్తూ, మనిషిని చూసినా బెదరకుండా నిలబడ్డదాన్ని మాత్రం కొట్టకండి, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి ఫోన్ చేయండి.

26. అడ్డంగా నిలబడేదాకా ఆగి, ముందు భుజం వెనక గురిపెట్టండి. ఎక్కువ దూరం పోకుండానే పడిపోతుంది, వెతుక్కునే పనీ మాంసం పాడయ్యే బాధా తగ్గుతాయి. గుట్ట అంచున ఆకాశం వెనకుండగా నిలబడితే కొట్టొద్దు, గుండు ఎక్కడ పడుతుందో తెలియదు.

27. నురుగులా ఎర్రటి నెత్తురు పడితే ఊపిరితిత్తులకి తగిలినట్టు, అరగంటాగి వెళ్లండి. పచ్చటి మరక, పేగు వాసన ఉంటే కొన్ని గంటలు ఆగండి, తొందరపడి తరిమితే చేజారిపోతుంది.

28. పడగానే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ పని ముగించండి, ఆ తర్వాతే ఫొటోలు. ఆడో మగో తెలిసే ఆధారం మాంసం చివరికి చేరేదాకా దగ్గరుంచుకోవాలి.

29. ఇంటికి తెచ్చేముందు కింది దవడ తెరిచి పళ్లు చూడండి. ముందు నుంచి మూడో దవడపన్ను మూడు భాగాలుగా ఉంటే అది ఇంకా పాలపన్నే, జింక లేతది. కొట్టకముందు కంటితో వేసిన వయసు లెక్కతో పోల్చుకుంటే వచ్చే ఏడు కన్ను తప్పదు.

30. వెనక కాళ్ల కీలు దగ్గర లోపలివైపున్న నల్లటి జిగురు గ్రంథుల్ని ముట్టుకున్న చేత్తో, చాకుతో మాంసం ముట్టుకోకండి. సగం నీసు వాసన అక్కడి నుంచే వస్తుంది.

31. ఐస్‌పెట్టె అడుగు బిరడా తీసి, కరిగిన నీళ్లు పోయేలా ఏటవాలుగా పెట్టండి. నీళ్లలో నానిన మాంసం రుచి చెడుతుంది.

32. తెల్లటి పొర, కొవ్వు చాకుతో తీసేశాకే వండండి. వెన్నుముక్క పెనం మీద నిమిషాల్లో అయిపోతుంది. భుజం, తొడ పెరుగులో నానబెట్టి కుక్కర్లో పెట్టి గోంగూర వేయండి. కైమా 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉడకాలి.

33. జింకల్ని బక్కచిక్కించే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ వచ్చిన ప్రాంతంలో కొడితే పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే వండండి. ఎంత ఉడికించినా ఆ జబ్బు కారకం చావదు.

34. వేటాడిన జింక మాంసం అమ్మడం చట్టవిరుద్ధం, తెలిసినవాళ్లయినా డబ్బు తీసుకోవద్దు. ఫ్రీజర్ నిండి ఇంకా ట్యాగ్ మిగిలుంటే ఇంకో ఆడజింకని కొట్టి హంటర్స్ ఫర్ ది హంగ్రీలో పాల్గొనే కసాయి దుకాణానికి ఇచ్చేయండి, ఆకలితో ఉన్నవాళ్లకి చేరుస్తారు. మీ దగ్గర్లో ఏ దుకాణం తీసుకుంటుందో సీజన్‌కి ముందే కనుక్కుని పెట్టుకోండి.