కవరు తీస్తే ఇంజన్ చల్లబడుతుందా?

వార్షికోత్సవ సంచికకు అందరూ కథలు, కవితలు ఇస్తున్నారు. పదో తరగతి వాళ్లం మేము మాత్రం ఒక రేకు ముక్క గురించి రాస్తున్నాము. దానికి కారణం ఉంది.

పోయిన బ్రహ్మోత్సవాల మాట. చిత్తూరు నుంచి కాణిపాకానికి 11, 12 కిలోమీటర్లే అయినా ఆ రోజుల్లో ఆటోలకు తీరిక ఉండదు. మా మిత్రుని నాన్నగారిది వెనక ఇంజన్ ఉన్న పాత పెట్రోలు ఆటో. ఇంజన్ వేడెక్కుతోందని దాని చుట్టూ ఉన్న రేకు కవరు తీసేయాలనుకున్నారు. "తెరిచి ఉంటే గాలి బాగా తగులుతుంది కదరా" అన్నారు. మాకూ నిజమే అనిపించింది. స్క్రూలు విప్పింది మేమే. మూడో రోజు నిండా జనంతో వస్తుండగా ఇంజన్ పట్టేసింది. బోరు, పిస్టన్ రెండూ పోయాయి. ఉత్సవాల సంపాదన పోయి పైన అప్పు మిగిలింది.

మా ఫిజిక్స్ సారును అడిగితే ఆయన ఆటో సంగతి వదిలేసి విమానం సంగతి చెప్పారు. మొదట మాకు విసుగనిపించింది. తరువాత అర్థమైంది, రెండూ ఒకటే పాఠమని.

ఇంజన్‌లో పెట్రోలు మండేటప్పుడు వాయువుల వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మరి అల్యూమినియం హెడ్డు ఎందుకు కరగదు? వేడిని ఎప్పటికప్పుడు బయటికి లాగేస్తాము కనుక. కార్లలో ఆ పని నీరు చేస్తుంది. ఆటోలో, చిన్న విమానంలో గాలి చేస్తుంది. అయితే గాలి బీద పనివాడు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ పెరిగేటప్పుడు తీసుకునే వేడి, ఒక లీటరు గాలి తీసుకునే దానికి దాదాపు 3,500 రెట్లు. అందుకే గాలితో చల్లబరచాలంటే చాలా గాలి కావాలి, అందులో కొంచెం కూడా వృథా కాకూడదు. సిలిండరు చుట్టూ పలకల్లా కనిపించే ఫిన్లు వైశాల్యం పెంచడానికే. వాటి సందుల్లోంచి గాలి పోతేనే ఫలితం.

మన చెరకు మడులనే చూడండి. బోరు నీళ్లు కాలువలో వస్తున్నాయి. గట్టుకు గండి పడితే నీరంతా అటే పోతుంది, చివరి మడి ఎండుతుంది. గాలి కూడా అంతే. ఇరుకైన ఫిన్ల సందు కన్నా సులువైన దారి కనిపిస్తే అటే పోతుంది. గాలికి గట్టు వేసే రేకునే విమానం వాళ్లు బ్యాఫిల్ అంటారు. ఆటోలో అయితే ఫ్యాను విసిరే గాలిని ఫిన్ల మీదికి మళ్లించేది మేము విప్పేసిన ఆ కవరే!

చిన్న విమానాల్లో ఎక్కువగా లైకమింగ్ ఇంజన్లు కనిపిస్తాయి. శిక్షణకు వాడే సెస్నా 172లోనూ, అమెరికాలో వాన్స్ కంపెనీ కిట్లు కొని జనం ఇంట్లో కట్టుకునే ఆర్‌వీ విమానాల్లోనూ ఇవే. అలా కట్టిన ఆర్‌వీలు 10 వేలకు పైగా ఎగిరాయి. (మన దేశంలోనూ ముంబయి పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది.) ఇంజన్‌లో అటు రెండు, ఇటు రెండు సిలిండర్లు. ప్రొపెల్లరుకు ఇరువైపులా ఉన్న రంధ్రాల్లోంచి గాలి వచ్చి సిలిండర్ల పైన పీడనంతో నిలుస్తుంది. కింద పీడనం తక్కువ. కాబట్టి గాలి పైనుంచి ఫిన్ల గుండా కిందికి దిగుతుంది. పైభాగానికి, కింది భాగానికి మధ్య గోడ ఈ బ్యాఫిల్.

ఇంజన్‌ను మూయడమే మేలని 1928-29 నాటికే తేలింది. అమెరికాలో నాసాకు ముందున్న నాకా సంస్థ, బయటికి కనిపించే ఇంజన్‌కు చక్కని మూత, లోపల గాలి దారులు అమర్చింది. ఇంజన్ చల్లగానే ఉంది, పైగా ఆ విమానం వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137 మైళ్లకు పెరిగింది! 1929 కొలియర్ ట్రోఫీ దీనికే వచ్చింది.

ఇక పాత బ్యాఫిల్ మార్చడం ఎలా? ఇంజన్ అదురుకు రేకు వంపుల దగ్గర, స్క్రూల దగ్గర చిట్లుతుంది. దాన్ని తీసి పారేయకూడదు, అదే కొత్తదానికి నమూనా. ముందు అట్టముక్కతో కొలత చూసుకుని, సుమారు 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు మీద గీస్తారు. పెన్సిల్ మాత్రం వాడరు. అందులోని గ్రాఫైట్, తేమ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది (మన రసాయన శాస్త్రంలోని క్షయం పాఠమే). స్కెచ్ పెన్ను వాడతారు. కత్తిరించిన అంచును ఆకురాయితో నున్నగా చేయాలి. అక్కడ చిన్న గీటు ఉన్నా అదురుకు అదే రేపు చీలిక అవుతుంది.

రేకు పైఅంచుకు, ఇంజన్ మూతకు మధ్య సందును సిలికోన్ రబ్బరు పట్టీ మూస్తుంది. పట్టీ గాలి ఒత్తిడి ఉన్న వైపుకు వంగి ఉండాలి. అప్పుడు ఒత్తిడే దాన్ని మూతకు అదిమిపెడుతుంది. సైకిల్ పంపులో తోలు వాషరు పని చేసేదీ ఇలాగే. తిరగేసి బిగిస్తే గాలంతా పక్కకు పోతుంది. మూలల్లోని చిన్న రంధ్రాలను వేడికి తట్టుకునే సిలికోన్ లప్పంతో పూడుస్తారు. సిలిండర్ల కింద, మధ్యలో ఉండే చిన్న రేకులను మరిచిపోవడం సులభం. అవి లేకపోతే గాలి పైనుంచి నేరుగా జారిపోయి ఫిన్ల అడుగు భాగాన్ని తాకదు.

అన్నీ బిగించాక చీకట్లో ఒక పరీక్ష చేస్తారు. కింది భాగంలో లైటు పెట్టి ముందు రంధ్రాల్లోంచి చూస్తారు. ఫిన్ల సందుల్లో కాక వేరే చోట వెలుగు కనిపిస్తే అక్కడ గాలి కారుతున్నట్లే. ఆ తరువాత అసలు తీర్పు మీటరుది. లైకమింగ్ హెడ్డు వేడి 260 డిగ్రీలు దాటరాదు. ఇంజన్ ఎక్కువకాలం మన్నాలంటే వేగంగా పోయేటప్పుడు కూడా 224 లోపు ఉంచమంటారు. నాలుగింటిలో ఒక్కటే ఎక్కువ చూపిస్తే, ఆ పక్కనే ఎక్కడో గండి ఉన్నట్లు.

మిత్రుని నాన్నగారి ఆటోకు కొత్త బోరు పడింది. ఇంట్లో మూల పడేసిన కవరు తుడిచి మేమే తీసుకెళ్లాము. బిగించాక, కరెంటు లేని ఒక రాత్రి, కవరు లోపలికి టార్చి వేసి అంచుల వెంట చూశాము. రెండు స్క్రూలు లేని చోట సన్నగా వెలుగు కనిపించింది. మేము విప్పినప్పుడు పోగొట్టినవే ఆ రెండూ. మరునాడు కొని వేయించాము.